అమెరికాలో కుటుంబంతో చదువు: యూనివర్సిటీ ఫ్యామిలీ హౌసింగ్‌లో ఇల్లు సంపాదించడం ఎలా?

మార్చి నెల వచ్చిందంటే చాలు, నా ఫోనుకు ఒకే ప్రశ్న రకరకాల గొంతుల్లో వస్తుంది. "అక్కా, అడ్మిషన్ వచ్చింది. ఆయన, పాప కూడా నాతో వస్తున్నారు. యూనివర్సిటీ వాళ్లే ఇల్లు ఇస్తారట కదా, నిజమేనా?"

నిజమే. అమెరికాలో చాలా పెద్ద యూనివర్సిటీలకు పెళ్లయినవాళ్ల కోసం, పిల్లలున్నవాళ్ల కోసం, వయసు పైబడ్డాక మళ్లీ చదువుకొచ్చినవాళ్ల కోసం సొంత అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. నేను పీహెచ్‌డీకి వచ్చినప్పుడు మా ఆయన, మూడేళ్ల బాబుతో అలాంటి ఇంట్లోనే ఐదేళ్లు ఉన్నాను. ఆ ఐదేళ్లలో, ఆ తర్వాత కూడా, కొత్తగా వచ్చే కుటుంబాలకు అప్లికేషన్లు నింపిపెడుతూ వచ్చాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ముందే ఒక మాట. ఈ ఇళ్లు మన అవసరం చూసి ఇవ్వరు. చాలా చోట్ల అప్లికేషన్ పెట్టిన తేదీ చూసి, చేతిలో ఉన్న కాగితం చూసి ఇస్తారు. "వీసా వచ్చాక చూద్దాంలే" అనుకున్నవాళ్లు, నేను చూసినంతలో, వెయిట్‌లిస్ట్ చివరన ఉండిపోయారు.

ఈ ఇళ్లు ఎవరికిస్తారు?

1944లో వచ్చిన జీఐ బిల్ (మాజీ సైనికుల చదువుకు ప్రభుత్వం డబ్బిచ్చే చట్టం) పుణ్యమా అని, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లక్షలమంది మాజీ సైనికులు, వాళ్లలో చాలామంది భార్యాపిల్లలతో, కాలేజీలకు వచ్చారు. హాస్టల్ గదుల్లో కుటుంబాలు పట్టవు కదా. అప్పుడు మొదలైన ఏర్పాటే ఇప్పటి ఫ్యామిలీ హౌసింగ్. విస్కాన్సిన్-మాడిసన్‌లో ఈగిల్ హైట్స్, స్టాన్‌ఫర్డ్‌లో ఎస్కాండిడో విలేజ్, మిషిగన్‌లో నార్త్‌వుడ్, ఇల్లినాయ్‌లో ఆర్చర్డ్ డౌన్స్, బర్క్‌లీ వాళ్ల యూనివర్సిటీ విలేజ్, ఎంఐటీలో వెస్ట్‌గేట్ లాంటివి ఈ కోవలోవే.

సీనియర్లు చెప్పిన పేరు ఇప్పటికీ ఉందో లేదో మాత్రం మీరే చూసుకోండి. మిషిగన్ స్టేట్‌లో ఎన్నో తరాల విదేశీ కుటుంబాలు ఉన్న స్పార్టన్ విలేజ్ మూతపడింది. పాత కాలనీలు కూల్చి కొత్తవి కట్టడం చాలా క్యాంపస్‌లలో జరుగుతోంది. కొత్తవాటిలో అద్దె ఎక్కువే ఉంటుంది.

సాధారణంగా అర్హత ఉండేది వీళ్లకి: భార్య లేదా భర్తతో ఉండే విద్యార్థులు, పిల్లలున్న విద్యార్థులు (ఒంటరి తల్లి, ఒంటరి తండ్రి కూడా), చట్టం గుర్తించిన భాగస్వామి ఉన్నవాళ్లు, గ్రాడ్యుయేట్ విద్యార్థులు (అక్కడ ఆ మాటకు మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవాళ్లని అర్థం), మాజీ సైనికులు. చాలాచోట్ల ఒక వయసు దాటిన డిగ్రీ విద్యార్థులకు కూడా ఇస్తారు. ఆ వయసు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వచ్చి, పిల్లలు కాస్త పెద్దయ్యాక ముప్పై అయిదేళ్లకు మళ్లీ చదువు మొదలుపెట్టే ఆడవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. "ఈ వయసులో నాకిస్తారా" అని మొహమాటపడకండి. అమెరికన్ యూనివర్సిటీలు మిమ్మల్ని నాన్-ట్రెడిషనల్ స్టూడెంట్ అంటాయి. ఈ ఇళ్లు కట్టింది మీలాంటివాళ్ల కోసమే. ఫుల్-టైమ్ చేరుతున్నారా లేదా అన్నదే వాళ్లు ముఖ్యంగా చూస్తారు.

అమ్మానాన్నలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం ఇందులోకి రారు. ఎఫ్-1 విద్యార్థి వీసా ఉన్నవాళ్ల వెంట వచ్చే ఎఫ్-2 డిపెండెంట్ అంటే భార్య లేదా భర్త, 21 ఏళ్లు నిండని పెళ్లికాని పిల్లలు, అంతే. ఎక్కువ యూనివర్సిటీల హౌసింగ్ రూల్స్ కూడా ఇదే దారిలో ఉంటాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- అడ్మిషన్ లెటర్, యూనివర్సిటీ ఐడీ నంబరు, పోర్టల్ లాగిన్
- పాస్‌పోర్టులు, కుటుంబంలో అందరివీ
- మ్యారేజ్ సర్టిఫికెట్ (సబ్ రిజిస్ట్రార్ ఇచ్చినది, శుభలేఖ, పెళ్లి ఫోటోలు పనికిరావు)
- పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పిల్లల పేరుతో సహా
- విడాకులైతే కోర్టు డిక్రీ, పిల్లల కస్టడీ ఎవరిదో చెప్పే ఆర్డర్
- డిపెండెంట్ల ఐ-20లు, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రాలు (ఇంకా రాకపోతే తర్వాత పంపవచ్చు)
- పిల్లల టీకా కార్డు, తేదీలు స్పష్టంగా కనపడేలా
- అప్లికేషన్ ఫీజు, డిపాజిట్ కట్టడానికి విదేశీ చెల్లింపులు ఆన్ చేసిన కార్డు

1. రూల్స్ పేజీని ముందు చదవండి, ఫోటోలు తర్వాత చూడండి

యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో హౌసింగ్ విభాగం తెరిస్తే మొదట కనపడేవి డిగ్రీ పిల్లల హాస్టళ్లు. అక్కడ ఆగకండి. ఫ్యామిలీ హౌసింగ్, గ్రాడ్యుయేట్ హౌసింగ్, యూనివర్సిటీ అపార్ట్‌మెంట్స్ అనే పేర్లలో ఏదో ఒకటి విడిగా ఉంటుంది. దానిలో ఈ అయిదింటికి జవాబు రాసుకోండి: అప్లికేషన్ ఏ రోజు తెరుచుకుంటుంది? ఇల్లు ఇచ్చే వరుస తేదీని బట్టా, లాటరీనా? సెమిస్టరుకు ఎన్ని క్రెడిట్లు ఉండాలి? ఎన్నేళ్లు ఉండనిస్తారు? వేసవిలో క్లాసులు తీసుకోకపోయినా ఉండనిస్తారా?

జవాబు దొరకని ప్రశ్నను హౌసింగ్ ఆఫీసుకు ఈమెయిల్‌లోనే అడగండి. ఫోనులో చెప్పిన మాట ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. మెయిల్ ఉంటుంది.

2. అడ్మిషన్ ఒప్పుకున్న రోజే అప్లై చేయండి

"వీసా రాకపోతే డబ్బు పోతుందేమో" అనే భయంతో చాలామంది ఆగిపోతారు. ఆ భయంలో తప్పేమీ లేదు. అయితే పోయేది ఎంతో లెక్క చూడండి. అప్లికేషన్ ఫీజు సాధారణంగా తిరిగి రాదు. కానీ అది చిన్న మొత్తం. డిపాజిట్ విషయంలో, వీసా నిరాకరణకు గురైనట్టు కాగితం చూపిస్తే వెనక్కి ఇచ్చే రూలు చాలా చోట్ల ఉంది. మీ దగ్గర ఉందో లేదో అప్లై చేసే ముందే మెయిల్ పెట్టి అడగండి. ఆగస్టులో హోటల్లో పదిరోజులు కుటుంబంతో ఉంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఆ ఫీజు ఏపాటిది?

అడ్మిషన్‌ను తర్వాతి సెమిస్టరుకు వాయిదా వేసుకుంటే మీ హౌసింగ్ అప్లికేషన్ దానంతటదే వాయిదా పడదు. ఇది చాలామందికి తెలియదు. విడిగా రాసి, పాత తేదీని ఉంచమని కోరండి.

పిల్లల డేకేర్ కావాలంటే అదే రోజు దానికీ అప్లై చేయండి. క్యాంపస్ డేకేర్ వెయిట్‌లిస్ట్ వేరు. చాలా చోట్ల ఇంటి లైను కంటే అదే పొడుగు. అయిదేళ్లు నిండిన పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచి ప్రభుత్వ బడి ఉచితం. ఎఫ్-2 మీద వచ్చిన పిల్లలకు కూడా అంతే. ఖర్చంతా అయిదేళ్ల లోపు పిల్లలున్నవాళ్లకే.

3. పేర్లు సరిచూడండి: ఎక్కువ అప్లికేషన్లు ఆగేది ఇక్కడే

మన పేర్ల తీరు అక్కడి కంప్యూటర్లకు అర్థం కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం ఇనీషియల్ ఉంటుంది. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకున్నామా, సర్టిఫికెట్‌లో పుట్టింటిపేరే ఉంటుంది. పిల్లాడి బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే బారసాలకు ముందే రిజిస్టర్ చేయించేశాం. ఇవన్నీ మనకు ఒకే మనుషులు. ఆఫీసులో ఫైలు చూసేవాళ్లకు మాత్రం నలుగురు వేరువేరు మనుషులు.

నా విషయంలో ఇదే జరిగింది. అప్లికేషన్‌లో మా ఆయన పేరు మేం పిలుచుకునేలా రాశాను. ఐ-20లో పాస్‌పోర్టు ప్రకారం పడింది. ఫైలు మూడు వారాలు "అసంపూర్తి" అని ఉండిపోయింది. నేనేమో పోర్టల్ తెరిచి చూడనే లేదు. అప్లికేషన్ పంపేశాం కదా అనే ధీమా.

కాబట్టి ఇలా చేయండి. అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, అదే వరుసలో రాయండి. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు లేకపోతే ఊళ్లో ఉండగానే మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో చేర్పించండి. అమెరికా వచ్చాక ఆ పనికి అమ్మానాన్నలను తిప్పాల్సి వస్తుంది. సర్టిఫికెట్ తెలుగులో ఉంటే, అనువాదకుడి సంతకంతో ఇంగ్లీషు అనువాదం జతచేయండి. పెళ్లి ఇంకా రిజిస్టర్ కాకపోతే ఇవాళే ఆ పని మొదలుపెట్టండి. వీసాకూ అది కావాల్సిందే.

తేడా ఉన్నా దిద్దించే సమయం లేకపోతే ఒక చిన్న లేఖ రాసి జతపరచండి. "ఈ రెండు కాగితాల్లో ఉన్నది ఒకే వ్యక్తి, మొదటి దానిలో ఇంటిపేరు ఇనీషియల్‌గా ఉంది" అని రెండు వాక్యాలు చాలు. పాస్‌పోర్టులో భార్య లేదా భర్త పేరున్న పేజీ కాపీ కూడా పెడితే ఇంకా మంచిది.

ఒంటరి తల్లులకు ఒక మాట. భర్త గురించి సంజాయిషీ ఎక్కడా ఇవ్వక్కర్లేదు. బిడ్డ మీతో ఉంటుందని చూపే కాగితం చాలు. ఇంట్లో పిల్లలున్నారన్న కారణంతో ఇళ్ల విషయంలో వివక్ష చూపకూడదని అమెరికా ఫెయిర్ హౌసింగ్ చట్టంలో 1988లోనే చేర్చారు. అప్లికేషన్‌లో "భార్య/భర్త" గడిని ఖాళీగా వదిలేయండి. అంతే.

4. ఎన్ని గదులు అడగాలి?

పడకగదికి ఇద్దరు అన్న లెక్క అక్కడ బాగా వాడుకలో ఉంది. దంపతులకు ఒక బెడ్‌రూమ్, ఒక బిడ్డ ఉంటే రెండు బెడ్‌రూమ్‌లు సాధారణం. పసిబిడ్డ ఉన్నా ఒక బెడ్‌రూమ్‌కు ఒప్పుకునే చోట్లు కూడా ఉన్నాయి. అద్దె తగ్గుతుంది కాబట్టి మొదటి ఏడాదికి అదే మేలనుకునేవాళ్లు ఉన్నారు. కడుపుతో ఉంటే, పుట్టబోయే బిడ్డను లెక్కలోకి తీసుకుంటారా అని అడగండి. కొన్నిచోట్ల డాక్టరు లేఖ చూపితే తీసుకుంటారు.

అప్లికేషన్‌లో ఒకే కాలనీని ఎంచుకుని మిగతావి వదిలేయడం పెద్ద పొరపాటు. రెండు మూడు టిక్ పెట్టండి. ఒకసారి లోపలికి వెళ్లాక అక్కడి నుంచి వేరే ఇంటికి మారడం బయటి నుంచి రావడం కంటే సులువు.

మోకాళ్ల నొప్పులో, గర్భమో, వీల్‌చెయిరో ఉంటే కింది అంతస్తు కావాలని అప్లికేషన్‌లోనే రాయండి. పాత కాలనీల్లో లిఫ్ట్ ఉండదు. వైకల్యం ఉన్నవాళ్లకు తగిన ఏర్పాటు చేయడం అక్కడ చట్టప్రకారం బాధ్యత. దయ చూపించమని బతిమాలాల్సిన పని లేదు.

5. అద్దెను అద్దెతో పోల్చకండి

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. బయట ఇల్లు నెలకు 1,000 డాలర్లు, యూనివర్సిటీ ఇల్లు 1,200. బయటి ఇల్లే చవక అనిపిస్తుంది. ఇప్పుడు బయటి ఇంటికి కరెంటు, గ్యాస్ 120, నీళ్లు, చెత్త 40, ఇంటర్నెట్ 60 కలపండి. 1,220 అయింది. చాలా యూనివర్సిటీ ఇళ్లలో ఇవన్నీ లేదా వీటిలో ఎక్కువ భాగం అద్దెలోనే కలిసి ఉంటాయి. చలి రాష్ట్రాల్లో జనవరి హీటింగ్ బిల్లు ఒక్కసారి చూస్తే దాని విలువ తెలుస్తుంది. పైగా క్యాంపస్ బస్సు ఇంటి ముందే ఆగితే మొదటి ఏడాది కారు లేకుండా గడుస్తుంది.

ఇంకో లాభం అంకెల్లో కనపడదు. బయటి యజమానులు ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు), క్రెడిట్ హిస్టరీ (అప్పులు, బిల్లులు సరిగా కట్టిన రికార్డు), అద్దెకు మూడు రెట్లు జీతం, హామీదారు సంతకం అడుగుతారు. కొత్తగా దిగినవాళ్ల దగ్గర ఇవేవీ ఉండవు. యూనివర్సిటీకి మీరు దాని విద్యార్థి అయితే సాధారణంగా చాలు.

మంచాలు, సోఫా ఉన్న ఇల్లా, ఖాళీ ఇల్లా అన్నది తప్పకుండా చూడండి. ఖాళీ ఇల్లయితే మొదటి రాత్రి పిల్లలతో కార్పెట్ మీద పడుకోవాల్సిందే. సూట్‌కేసులో రెండు దుప్పట్లు పెట్టుకోండి.

6. ఆఫర్ వచ్చాక గడువు తక్కువ, కాంట్రాక్టు పొడుగు

ఆఫర్ మెయిల్‌కు కొన్ని రోజుల్లోనే జవాబివ్వాలి. గడువు దాటితే ఇల్లు లైనులో తర్వాతివాళ్లకు వెళ్లిపోతుంది. జూన్, జూలై నెలల్లో యూనివర్సిటీ మెయిల్‌ను రోజూ తెరవండి. స్పామ్ ఫోల్డరూ చూడండి.

సంతకానికి ముందు ఈ నాలుగు విషయాలు వెతికి చదవండి.

రద్దు చేసుకుంటే ఏమవుతుంది? చాలావాటిలో ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ రోజుల అద్దె కట్టించుకుంటారు.

అద్దె ఎక్కడ పడుతుంది? చాలా చోట్ల అది ఫీజులతో పాటు స్టూడెంట్ అకౌంట్‌లోనే పడుతుంది. అద్దె బాకీ ఉంటే అకౌంట్ మీద హోల్డ్ పెడతారు. అప్పుడు తర్వాతి సెమిస్టరు క్లాసులకు రిజిస్టర్ కాలేరు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు క్లాసులు లేకపోవడం అంటే వీసా స్టేటస్‌కే ముప్పు. అద్దె ఆలస్యమయ్యేలా ఉంటే గడువుకు ముందే ఆఫీసుకు వెళ్లి వాయిదాల పద్ధతి అడగండి. ముందు వెళ్లినవాళ్ల మాట వింటారు.

వేరేవాళ్లకు ఇవ్వవచ్చా? వేసవి ఇంటర్న్‌షిప్‌కు వేరే ఊరు వెళ్తూ, ఆఫీసుకు చెప్పకుండా ఇల్లు స్నేహితుడికి ఇవ్వడం కాంట్రాక్టు ఉల్లంఘన. రాతపూర్వక అనుమతి ఉంటేనే ఇవ్వండి.

నాలుగోది అతిథుల రూలు. మన కుటుంబాలకు అన్నిటికంటే ఎక్కువ తగిలేది ఇదే. కాన్పుకు అమ్మ వస్తుంది. బీ-2 (సందర్శకుల) వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండటానికి విమానాశ్రయంలో అనుమతి ఇస్తారు. కానీ హౌసింగ్ కాంట్రాక్టులో అతిథి కొన్ని రోజులో, కొన్ని వారాలో ఉండవచ్చని ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు అనుమతులు. ఒకటి ఉందని రెండోది ఉన్నట్టు కాదు. "ఎవరు చూస్తారులే" అని చెప్పకుండా ఉంచిన ఇంట్లో పెద్దావిడ వాకింగ్‌కు బయటికి రావడానికి భయపడుతూ నెలలు గడపడం నేను చూశాను. ఆమె చేసిన తప్పేమీ లేదు. టికెట్ బుక్ చేసే ముందే ఆఫీసుకు మెయిల్ పెట్టండి: ఎవరు వస్తున్నారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, కారణం ప్రసవం. చాలా ఆఫీసులు పొడిగింపు ఇస్తాయి. ఇవ్వకపోతే, అమ్మ మొదటి కొన్ని వారాలు, అత్తయ్య తర్వాతి కొన్ని వారాలు అన్నట్టుగా రూలులో ఇమిడే ఏర్పాటు చేసుకోవచ్చేమో అడగండి.

7. వెయిట్‌లిస్ట్‌లో ఉండిపోతే

నెలకోసారి మర్యాదగా మీ స్థానం ఎంతో అడగండి. ఆగస్టు మొదటి రెండు వారాల్లో వీసా రానివాళ్లు, మనసు మార్చుకున్నవాళ్లు తప్పుకుంటారు. లైను ఒక్కసారిగా కదులుతుంది. జనవరిలో కూడా, డిసెంబరులో డిగ్రీ అయినవాళ్లు ఖాళీ చేస్తారు. అందుకని బయట ఇల్లు తీసుకోవాల్సి వస్తే ఏడాది లీజుకు కాకుండా నెలవారీగా గానీ, నాలుగైదు నెలల సబ్‌లీజుకు (వేరేవాళ్ల లీజులో కొంతకాలానికి వాళ్ల దగ్గర తీసుకునే ఇల్లు) గానీ చూసుకోండి. ఏడాదికి సంతకం పెట్టేశాక అక్టోబరులో యూనివర్సిటీ ఆఫర్ వస్తే రెండు అద్దెలు కట్టలేక దాన్ని వదులుకోవాలి.

చదివేవాళ్లు ముందు వచ్చి, కుటుంబం రెండు మూడు నెలల తర్వాత రావడం ఇంకో దారి. ఇల్లు ముందే వచ్చినా, డిపెండెంట్లు ఇన్నిరోజుల్లోగా చేరాలన్న గడువు కాంట్రాక్టులో ఉండవచ్చు. ఎఫ్-2 ఇంటర్వ్యూ ఆలస్యమైతే అపాయింట్‌మెంట్ కాగితం చూపించి గడువు పెంచమని అడగండి.

మోసాల గురించి గట్టిగా చెబుతున్నాను. "నేను ఊరెళ్తున్నాను, యూనివర్సిటీ అపార్ట్‌మెంట్ మీకిస్తాను, ముందు డిపాజిట్ పంపండి" అని సోషల్ మీడియాలో ఎవరు అడిగినా పంపకండి. తెలుగువాళ్లైనా సరే. యూనివర్సిటీ ఇంటికి డబ్బు కట్టేది యూనివర్సిటీ పోర్టల్‌లోనే. గిఫ్ట్ కార్డు, వైర్ ట్రాన్స్‌ఫర్ అన్న మాట వినగానే సంభాషణ ఆపేయండి.

8. తాళం చేతికొచ్చిన రోజు

ప్రయాణం అలసట, పిల్లల ఏడుపు, జెట్‌లాగ్. ఆ రోజు ఏమీ చూడబుద్ధి కాదు. అయినా సామాన్లు విప్పకముందే ఒక గంట దీనికివ్వండి. ఇన్‌స్పెక్షన్ ఫారం ఇస్తారు, కాగితం మీదో ఆన్‌లైన్‌లోనో. చాలా చోట్ల కొద్ది రోజుల్లోనే నింపి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇల్లు లోపం లేకుండా ఉన్నట్టు మీరు ఒప్పుకున్నారని లెక్క. వెళ్లిపోయేటప్పుడు పాత మరకల ఖర్చూ మీ డిపాజిట్‌లోంచే పోతుంది.

గుమ్మం దగ్గర మొదలుపెట్టి గోడ వెంబడి కుడివైపుగా తిరగండి. ఏ మూలా తప్పిపోదు. స్టవ్ నాలుగు కాయిళ్లూ ఒక్కొక్కటిగా వెలిగించి, ఎర్రబడే వరకు చూడండి. ఓవెన్ తలుపు తెరిచి లోపల పాత నూనె అట్టలు కట్టి ఉంటే ఫోటో తీయండి. సింకు కింద తలుపు తీసి, పైన నీళ్లు వదిలి, పైపు అడుగున చేత్తో తడిమి చూడండి. తడి తగిలితే లీకు ఉన్నట్టే. బాత్‌రూమ్ పైకప్పు మూలల్లో నల్లటి చుక్కలుంటే అది బూజు. దగ్గరగా ఒక ఫోటో, దూరంగా ఒక ఫోటో తీయండి. కిటికీలు అన్నీ తెరిచి మూయండి, గడియలు పడుతున్నాయా చూడండి. పైఅంతస్తులో పిల్లలుంటే ఈ ఒక్కదానిలో రాజీపడకండి. కార్పెట్ మీద మరక పక్కన ఏదైనా పెన్నో తాళమో పెట్టి ఫోటో తీస్తే దాని సైజు తెలుస్తుంది.

కట్టడం 1978కి ముందుదైతే సీసం కలిసిన రంగు గురించిన సమాచారం మీకు ఇవ్వాలి. పాకే పిల్లలున్న ఇంట్లో కిటికీ గట్ల మీద రంగు పెచ్చులూడుతుంటే ఆ రోజే ఫిర్యాదు పెట్టండి. బిడ్డను చూపించేటప్పుడు డాక్టరుకూ చెప్పండి.

ఫోటోలన్నీ ఆ రోజే హౌసింగ్ ఆఫీసుకు మెయిల్ చేసేయండి. ఫోను పోవచ్చు, మెయిల్ మీద తేదీ పోదు.

9. మొదటి పది రోజులు

కొత్త అడ్రసును అపార్ట్‌మెంట్ నంబరుతో సహా యూనివర్సిటీ పోర్టల్‌లో మార్చండి. ఎఫ్-1 విద్యార్థులు అడ్రసు మారితే 10 రోజుల్లోగా తెలియజేయాలి. సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డులో, అది చేరుతుంది. అపార్ట్‌మెంట్ నంబరు లేకుండా రాస్తే బ్యాంకు కార్డు, ఎస్‌ఎస్‌ఎన్ కార్డు కాలనీ అంతా తిరిగి వెనక్కి పోతాయి.

పిల్లల బడికి అడ్రసు రుజువుగా లీజు, బర్త్ సర్టిఫికెట్, టీకాల కార్డు అడుగుతారు. మన ప్రభుత్వ టీకాల పట్టికలో చికెన్‌పాక్స్ టీకా లేదు. అమెరికా బళ్లు మాత్రం అడుగుతాయి. బయల్దేరే ముందే వేయించి కార్డులో రాయించుకుంటే మేలు. బడి ఏ డిస్ట్రిక్ట్‌దో మీ ఇంటి అడ్రసును బట్టి ఉంటుంది, యూనివర్సిటీ పేరును బట్టి కాదు. బర్క్‌లీ వాళ్ల యూనివర్సిటీ విలేజ్ ఉన్నది పక్కనున్న ఆల్బనీ నగరంలో. అక్కడి పిల్లలు ఆల్బనీ బళ్లకే వెళ్తారు.

వంట, దీపం విషయంలో జాగ్రత్త. అపార్ట్‌మెంట్లలో పొయ్యి మీది ఫ్యాను చాలాసార్లు పొగను బయటికి పంపదు, వడగట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. ఎండుమిర్చి తాలింపు వేయగానే అలారం మోగుతుంది. కొన్ని భవనాల్లో అందరూ చలిలో బయటికి రావాలి, ఫైరింజను కూడా వస్తుంది. తాలింపుకు ముందు కిటికీ తెరవండి, మంట తగ్గించండి, మూత దగ్గర పెట్టుకోండి. అలారానికి ప్లాస్టిక్ కవర్ కట్టడం, బ్యాటరీ తీసేయడం ఎప్పుడూ చేయకండి. జరిమానా సంగతి పక్కన పెట్టండి, పై అంతస్తులో వేరేవాళ్ల పిల్లలు నిద్రపోతుంటారు. కొవ్వొత్తులు, అగరుబత్తులు, నూనె దీపాలు చాలా చోట్ల నిషేధం. ఇంట్లో కరెంటు దీపం పెట్టుకుని, దీపావళికి ఆరుబయట ప్రమిదలు వెలిగించడానికి ముందే అనుమతి అడగండి. మా కాలనీలో మేం ఏటా అడిగేవాళ్లం, ఇచ్చేవాళ్లు. చైనా, ఇరాన్, నైజీరియా కుటుంబాల పిల్లలు కూడా మా పిల్లలతో వచ్చి ప్రమిదల్లో నూనె పోసేవాళ్లు.

ఎఫ్-2 మీద వచ్చినవాళ్లకు పని చేసే అనుమతి లేదు. భర్తో భార్యో ల్యాబ్‌కు వెళ్లిపోయాక, తలుపు వేసుకుంటే రోజు గడవదు. ఈ కాలనీల్లో ఇంగ్లీషు మాట్లాడే తరగతులు, పిల్లల ఆటల గుంపులు, కూరగాయల మళ్లు ఉంటాయి. ఈగిల్ హైట్స్ తోటలకు మంచి పేరుంది. వచ్చిన వారంలోనే కమ్యూనిటీ సెంటర్‌కు వెళ్లి పేరు రాయించుకోండి. మా ఆయన మొదటి చలికాలం ఒక్కడే గడిపాడు. రెండో ఏడు తోటలో చిన్న మడి దొరికింది. గోంగూర గింజలు వేశాడు. ఆ మడి పక్కన పరిచయమైనవాళ్లే ఈ రోజుకీ మా స్నేహితులు.

అంతా సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

అప్లికేషన్ పంపిన మర్నాడు పోర్టల్‌లో స్టేటస్ "పూర్తి" అని ఉండాలి. "అందింది" అంటే సరిపోదు. సంతకమైన కాంట్రాక్టు పీడీఎఫ్‌లో మీ పేరే కాదు, ఇంట్లో ఉండే ప్రతి ఒక్కరి పేరూ పాస్‌పోర్టు స్పెల్లింగుతో ఉండాలి. పేరు లేని భార్యకో భర్తకో విడిగా తాళం ఇవ్వరు, కొన్నిచోట్ల బడి కూడా ఆ కాగితం చాలదంటుంది. మొదటి నెల తర్వాత స్టూడెంట్ అకౌంట్ తెరిచి అద్దె పడిందా, డిపాజిట్ జమ అయిందా, హోల్డ్ ఏమైనా ఉందా చూడండి. బిడ్డ పుడితే ఆస్పత్రి కాగితాలతో వెళ్లి లీజులో చేర్పించండి.

10. ఖాళీ చేసే రోజు గురించి మొదటి రోజే ఆలోచించండి

డిగ్రీ పూర్తయ్యాక ఇంట్లో ఉండే హక్కు కొద్ది రోజుల్లో ముగుస్తుంది. ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నా, క్లాసులకు రిజిస్టర్ కాలేదు కాబట్టి చాలా చోట్ల మీరు విద్యార్థి కింద లెక్కకు రారు. చివరి సెమిస్టరు మొదట్లోనే ఆఫీసులో తేదీ కనుక్కోండి. పిల్లల బడి మధ్యలో ఆగకుండా జూన్ వరకు పొడిగించమని అడగండి. బడి కారణం చెప్పి అడిగితే ఒప్పుకున్న సందర్భాలు నాకు తెలుసు. అనారోగ్యానికో ప్రసవానికో సెమిస్టరు సెలవు తీసుకుంటే, చదువు సీటు ఉన్నట్టే ఇల్లూ ఉంటుందని అనుకోకండి. సెలవు కాగితంతో పాటు హౌసింగ్‌కు విడిగా లేఖ ఇవ్వండి.

నోటీసును పోర్టల్‌లోనే ఇవ్వండి. మొదటి రోజు ఫోటోలు పక్కన పెట్టుకుని అదే వరుసలో, గుమ్మం నుంచి కుడివైపుగా, మళ్లీ ఫోటోలు తీయండి. ఓవెన్, ఫ్రిజ్ వెనుక భాగం, బాత్‌టబ్ ఈ మూడూ శుభ్రంగా ఉంటే డిపాజిట్ కోతలు చాలావరకు తప్పుతాయి. తాళాలు ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి. డిపాజిట్ ఎక్కడికి పంపాలో కొత్త అడ్రసు, బ్యాంకు వివరాలు ఆ రోజే పోర్టల్‌లో నింపండి.